చామంతి చాయ్... ఏ చామంతి?

కార్తీక మాసంలో ఒక ఆదివారం పొద్దున్నే కొత్తూరులో మా అక్క వాళ్లింటికి వెళ్లాను. చిన్నప్పుడు సెలవులకు వెళ్లిన ఆ ఊరు వేరు, ఇప్పటి ఊరు వేరు. అప్పుడు రాత్రి ఎనిమిదింటికల్లా తలుపులు పడిపోయేవి. ఎప్పుడన్నా జహంగీర్ పీర్ దర్గాకు పోయే బండ్ల చప్పుడు వినిపిస్తే అదే పెద్ద సందడి. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక చుట్టుపక్కల ఊళ్లకు నిద్రవేళలే మారిపోయాయి. కార్గోలో ఒకరు, క్యాబ్ నడిపేవారొకరు, ఫ్యాక్టరీ షిఫ్టులో ఇంకొకరు... వీధికి పదిమందైనా రాత్రంతా మేలుకునేవాళ్లు ఉంటారు.

మా అక్క కొడుకు కూడా అంతే. రాత్రి డ్యూటీ ముగించుకుని ఏడున్నరకు బండి మీద ఇంటికొచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. "పండుకుంటే నిద్ర పడ్తలేదు చిన్నమ్మా. కన్ను మూతపడేసరికి మళ్లీ డ్యూటీకి టైమైతది" అన్నాడు.

పొయ్యి మీద గిన్నెలో ఏదో పసుపురంగు నీళ్లు కుతకుత ఉడుకుతున్నాయి. ఏమిటక్కా అని అడిగితే గొప్పగా చెప్పింది.

"చామంతి చాయ్. నిద్ర మంచిగ పడ్తదంట. వీడు సూపర్ మార్కెట్ల డబ్బా కొనుక్కొచ్చుకుండు. అది ఒడిసింది. డబ్బా మీద బొమ్మ చూసిన... మన చామంతే! గా మాత్రం దానికి అన్ని పైసలు పెట్టుడెందుకని పూజకు తెచ్చిన పూలల్లకెల్లి నాలుగు తీసి మరగబెడ్తున్న."

నేను గబుక్కున పొయ్యి ఆపేశాను. అక్క నా వంక వింతగా చూసింది.

నిజానికి ఇందులో మా అక్క తప్పేమీ లేదు. తప్పు మాలాంటి రాసేవాళ్లది. ఆ పువ్వు పేరు కామొమైల్. ఇంగ్లిషు అక్షరాలు చూసి కొందరు 'చమోమిలే' అని కూడా చదువుతారు. నోరు తిరగని ఆ పేరెందుకులే అని పత్రికల్లో మేమంతా 'చామంతి టీ' అని తేలిగ్గా రాసేశాం. చదివినవాళ్లు తులసికోట ముందున్న పూల వంక చూశారు.

రెండూ ఒకే కుటుంబం మొక్కలే. పొద్దుతిరుగుడు, బంతి కూడా ఆ కుటుంబానివే. అంతమాత్రాన మేనమామ, మేనల్లుడు ఒకరే అవుతారా! కామొమైల్ పువ్వు చాలా చిన్నది, రూపాయి బిళ్లంత కూడా ఉండదు. చుట్టూ ఒక వరుస తెల్లరేకులు, మధ్యలో పసుపుపచ్చని బుడిపె. పువ్వు ముదిరేకొద్దీ రేకులు కిందికి వాలిపోతాయి. ఆ బుడిపెను నిలువుగా చీలిస్తే లోపల డొల్లగా ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే యాపిల్ పండు వాసన వస్తుంది. గ్రీకులు దానికి పెట్టిన పేరుకు అర్థం కూడా 'నేల యాపిల్' అనే. మన చామంతికి ఆ వాసనా లేదు, ఆ గుణమూ లేదు.

అయితే చామంతితో టీ అసలే పెట్టుకోరా అంటే... పెట్టుకుంటారు. చైనాలో శతాబ్దాలుగా అది ఇష్టమైన పానీయం. కళ్లకు చలువని అక్కడివాళ్ల నమ్మకం. కానీ తాగడానికని ప్రత్యేకంగా పెంచి, కోసి, ఆరబెట్టిన రకాలవి. మన దగ్గర చామంతిని పెంచేది జడకు, గుమ్మానికి, దేవుడికి. చేవెళ్ల, మొయినాబాద్, శంషాబాద్ వైపు తోటల్లో కోసిన పూలు తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరతాయి. పువ్వు మీద చిన్న మచ్చ ఉన్నా ధర పడిపోతుంది. పేనుబంక పట్టినా, తామరపురుగు కనిపించినా రైతు మందు కొట్టక తప్పదు. కూరగాయలకైతే మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోయాలన్న లెక్క ఒకటి ఉంది. ఎంతమంది పాటిస్తారన్నది వేరే సంగతి! మెడలో వేసే దండకు ఆ లెక్క ఎవరు చూస్తారు? నిన్న డైమిథోయేట్ కొట్టిన పువ్వు ఇవాళ బుట్టలోకి రావచ్చు. దేవుడి పటానికి పెడితే ఏమీ కాదు. మరిగించి తాగితే ఆ మందు నేరుగా కడుపులోకి పోతుంది. పైన నీళ్లు చల్లి కడిగితే రేకుల మడతల్లో ఉన్నదంతా పోదు.

"మరి ఆ డబ్బాల పూలు యాడికెల్లి వస్తయ్?" అంది అక్క, గిన్నె సింకులో వంపేస్తూ.

ఎక్కడో దూరదేశం నుంచే రానక్కర్లేదు. ఉత్తరప్రదేశ్‌లో రైతులు దీన్ని యాసంగి పంటగా వేస్తున్నారు. చలి ఉండాలి దీనికి. ఫిబ్రవరి, మార్చిలో పూలు కోస్తారు. ఔషధ, సుగంధ మొక్కల మీద పనిచేసే లక్నోలోని సీమాప్ సంస్థ దీంట్లో మంచి రకాలు తయారుచేసింది. ఆ సంస్థ పరిశోధన కేంద్రం ఒకటి మన బోడుప్పల్‌లోనూ ఉంది. ఇంకో సంగతి. డబ్బాల్లోకి రాకముందే ఈ పువ్వు హైదరాబాద్‌కు తెలుసు. పాతబస్తీలో అత్తారు దుకాణానికి పోయి 'గుల్-ఎ-బాబూనా' ఉందా అని అడగండి. కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు. యునానీ వైద్యంలో బాబూనా పాత మందు. చార్మినార్ పక్కనున్న నిజామియా ఆసుపత్రికి పోయేవాళ్లలో కీళ్ల నొప్పులకు 'రోగన్-ఎ-బాబూనా' తైలం రాసుకున్నవాళ్లు బోలెడంతమంది. వాపు తగ్గడానికి కాపడం, జలుబుకు ఆవిరి... హకీములు దీన్ని ఎక్కువగా వాడింది ఇలాంటి వాటికే.

యూరప్‌లోనూ పాత వాడకం అలాంటిదే. కడుపుబ్బరం, కడుపునొప్పి, గొంతు గరగర, నోటిపూత... ఇవీ వాళ్ల అమ్మమ్మలు కామొమైల్ కాచి ఇచ్చిన సందర్భాలు. 1902లో వచ్చిన పిల్లల కథ 'పీటర్ రాబిట్' మీ పిల్లలు చదివే ఉంటారు. పక్కవాడి తోటలో దొంగతనంగా కూరగాయలు మేసి వచ్చిన కుందేలు పిల్లకు ఒంట్లో బాగాలేకపోతే తల్లి పట్టించింది ఈ టీయే, ఒక్క పెద్ద చెంచాడు. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2015లో ఈ పువ్వు సంప్రదాయ వాడకాలను గుర్తిస్తూ ఒక పత్రం విడుదల చేసింది. అందులో పొట్ట ఉంది, జలుబు ఉంది, నోరు, చర్మం ఉన్నాయి. నిద్ర మాత్రం లేదు!

అలాగని నిద్ర సంగతి వట్టి ప్రచారమని తీసిపారేయడానికీ లేదు. ఈ పువ్వులో ఎపిజెనిన్ అనే పదార్థం ఉంటుంది. మెదడులో నిద్రమాత్రలు వెళ్లి కూర్చునే చోటునే ఇదీ పట్టుకుంటుందని ప్రయోగశాలల్లో తేలింది. పట్టుకుంటుంది గానీ పట్టు బలహీనం. మనుషుల మీద చేసిన పరీక్షలు కొన్నే. 2009లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు ఆందోళన జబ్బుతో బాధపడే 57 మందిని తీసుకుని కొందరికి కామొమైల్ సారం ఉన్న గొట్టాలు, కొందరికి ఉత్తుత్తి గొట్టాలు ఎనిమిది వారాలు ఇచ్చారు. అసలు మందు తీసుకున్నవాళ్లకు కాస్త ఎక్కువ ఊరట కలిగింది. 2011లో అచ్చయిన ఇంకో అధ్యయనంలో నిద్రపట్టని 34 మందికి నాలుగు వారాలు ఇచ్చి చూస్తే, నిద్రలో చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనిపించలేదు. పైగా ఈ రెండింట్లోనూ ఇచ్చింది గొట్టాల్లో పెట్టిన సారం, కప్పులో టీ కాదు. 2016లో వెలువడిన తైవాన్ అధ్యయనం ఒకటి టీ మీదే చేశారు. నిద్ర చాలని 80 మంది బాలింతల్లో సగం మందికి రెండు వారాలు ఇస్తే మొదట కొంత మేలు కనిపించింది. టీ ఆపేసిన కొద్ది వారాలకు ఆ తేడా పోయింది.

కాబట్టి రాత్రి పడుకునే ముందు ఒక కప్పు తాగితే మనసు కాస్త నెమ్మదించవచ్చు. వేడివేడి కప్పు చేత్తో పట్టుకుని, టీవీ కట్టేసి, పది నిమిషాలు కదలకుండా కూర్చోవడంలోనే సగం మేలు ఉందని నా అనుమానం. మన ఇళ్లలో గోరువెచ్చని పాలు తాగించడం, అరికాళ్లకు నూనె మర్దనా చేయడం కూడా అలాంటివే కదా. జాజికాయ సాన మీద ఒక్క గీత గీసి పాలల్లో కలిపేది మా నాయనమ్మ. ఆ ఒక్క గీతలోనే ఉంది కిటుకంతా. ఎక్కువైతే మంచిదని కాయంతా పొడి చేసి తాగితే గుండెదడ, లేనివి ఉన్నట్టు కనపడటం... ఆసుపత్రిపాలే.

ఇంతకీ మావాడికి ఆ డబ్బా తాగినా నిద్రెందుకు రాలేదో చెప్పనేలేదు కదూ. ఖాళీ డబ్బా చెత్తబుట్టలోంచి తీయించి చూశాను. ముందువైపు పెద్ద అక్షరాల్లో కామొమైల్, పక్కన పువ్వుల బొమ్మ. వెనక్కి తిప్పి కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే, దినుసుల పట్టికలో మొదటి పేరు గ్రీన్ టీ! కామొమైల్ రెండోది. గ్రీన్ టీ అంటే మనం రోజూ తాగే తేయాకే. అందులో కెఫీన్ ఉంటుంది. అచ్చమైన కామొమైల్‌లో కెఫీన్ ఉండదు. నిద్ర కోసమని పిల్లవాడు మూడు వారాలుగా పడుకునే ముందు తాగింది నిద్ర చెడగొట్టే చాయ్. అదీగాక డ్యూటీలో తెల్లవారుజామున కునుకు రాకుండా రెండు కప్పుల మామూలు చాయ్ వేరే. ఒంట్లోకి పోయిన కెఫీన్‌లో సగం అయిదారు గంటలైనా దిగదు. నాలుగింటికి తాగిన చాయ్ ఎనిమిదింటికి కన్ను మూతపడనిస్తుందా?

అక్క నవ్వింది. వాడు మాత్రం నవ్వలేదు. "నాయనమ్మకు గూడ పొద్దుమాపు అదే ఇచ్చిన చిన్నమ్మా. ఆమెకు గూడ నిద్ర పట్టదు గదా" అన్నాడు.

అప్పుడు నాకు నవ్వు ఆగిపోయింది. మా అక్క అత్తగారికి గుండెలో కవాటం మార్చారు. అప్పటినుంచి రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకుంటుంది. ఇలాంటివాళ్లకు 'పీటీ ఐఎన్ఆర్' అని నెలనెలా ఒక రక్తపరీక్ష ఉంటుంది. రక్తం మరీ చిక్కబడితే కవాటం దగ్గర గడ్డకడుతుంది, మరీ పలచబడితే ఎక్కడో ఒకచోట కారుతుంది. ఆ రెండింటి మధ్య తాడు మీద నడక వాళ్లది. ఆకుకూర ఒక వారం ఎక్కువ తిన్నా లెక్క మారిపోతుంది.

కామొమైల్ గురించి చదివేటప్పుడు నా మనసులో నాటుకుపోయిన సంగతి ఒకటుంది. 2006లో కెనడా వైద్య పత్రికలో డాక్టర్లు రాశారు. వార్ఫరిన్ మాత్ర వాడుతున్న 70 ఏళ్లావిడ గొంతునొప్పికని రోజుకు నాలుగైదు కప్పుల కామొమైల్ టీ తాగింది, కాళ్ల వాపులకు కామొమైల్ కలిసిన క్రీము కూడా రాసుకుంది. కొద్దిరోజులకే ఒంట్లో పలుచోట్ల రక్తస్రావమై ఆసుపత్రిలో చేరింది. ఆవిడకు తను మందు మీద మందు వేసుకుంటున్నట్టు తెలియదు. టీయే కదా అనుకుంది.

పెద్దావిడ మంచం దగ్గరికెళ్లి అడిగాను, ఎక్కడైనా రక్తం కనిపిస్తోందా అత్తమ్మా అని. "పండ్లు తోముకునేటప్పుడు రెండు దినాల సంది జరంత ఎర్రగ పడ్తున్నది. బ్రష్షు గట్టిదనుకున్న" అంది. సోమవారం పొద్దున్నే పరీక్షకు తీసుకెళ్లమన్నాను. ఉండాల్సినదానికన్నా కొంచెం ఎక్కువే వచ్చింది. ఇది టీ వల్లేనని నేను చెప్పలేను, డబ్బాలో కామొమైల్ ఎంతుందో కూడా తెలియదు, కానీ ఇంకెప్పుడూ ఇలాంటివి నన్నడక్కుండా తాగొద్దు అన్నాడట డాక్టరు. వారం తర్వాత మళ్లీ పరీక్ష చేయించమన్నాడు. ఆ వారం మా అక్క సరిగ్గా నిద్రపోలేదు.

రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లే కాదు, నిద్రమాత్రలు, ఆందోళనకు మాత్రలు వేసుకునేవాళ్లకూ ఇది రెండో మోతాదు మత్తు అవుతుంది. కిడ్నీ మార్పిడి చేయించుకుని సైక్లోస్పోరిన్ వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు. ఆపరేషన్ ఉందంటే రెండు వారాల ముందే మానేయాలి. గర్భిణులు డాక్టర్ని అడిగాకే తాగాలి. కొందరు ఏడుపు మానాలని పసిపిల్లలకు చెంచాతో పోస్తారు. పొడి పూలల్లో మట్టితోపాటు వచ్చే బొటులిజం బీజాలు ఉండొచ్చు. ఏడాదిలోపు పిల్లలకు తేనె ఎందుకు నాకించకూడదంటారో దీన్నీ అందుకే పట్టకూడదు.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాల్సింది వయ్యారిభామ సంగతి. హైవే పొడవునా, ఖాళీ ప్లాట్లలో, పొలం గట్ల మీద తెల్లటి చిన్నపూలతో నడుమెత్తు పెరిగే కలుపు... కొన్నిచోట్ల కాంగ్రెస్ గడ్డి అంటారు. 1950ల్లో మొదట పుణె దగ్గర కనిపించి దేశమంతా పాకింది. దాని గాలి తగిలితే ఒళ్లు దద్దుర్లు, తుమ్ములు, ఆయాసం వచ్చేవాళ్లు శంషాబాద్ చుట్టుపక్కల ప్రతి ఊళ్లో ఉన్నారు. అది కూడా చామంతి, కామొమైల్ కుటుంబం మొక్కే! ఒకటి పడనివాళ్లకు ఇంకొకటి కూడా పడకపోవచ్చు. పూలు కట్టేవాళ్లలో కొందరికి చేతులు పగిలి దురద పెట్టేదీ ఈ కుటుంబం గుణమే. స్పెయిన్‌లో ఉబ్బసం ఉన్న ఎనిమిదేళ్ల పిల్లవాడికి జీవితంలో మొదటి కప్పు కామొమైల్ టీతోనే ప్రాణం మీదికి వచ్చిన ఉదంతాన్ని అక్కడి డాక్టర్లు 1989లో రాశారు. ఆ టీతో కళ్లు కడుక్కుని రెప్పలు వాచిపోయినవాళ్ల గురించీ ఆ వెంటనే రాశారు. వయ్యారిభామ పడనివాళ్లు, పిల్లల్లో ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ టీ జోలికి పోకపోతేనే నయం.

ఇవేవీ లేని ఆరోగ్యవంతులు తాగాలనుకుంటే నిరభ్యంతరంగా తాగొచ్చు. అచ్చంగా కామొమైల్ పూలే ఉన్న పొట్లం కొనండి. అన్నట్టు నీలంరంగు శంఖుపుష్పం టీ, తంగేడు పూల టీ కూడా ఇప్పుడు దుకాణాల్లో వరసగా ఉంటున్నాయి. ఒకదాని గుణం ఇంకోదానికి అంటగట్టకండి. పెట్టే పద్ధతి కూడా మన చాయ్ పద్ధతి కాదు. మరగబెట్టకూడదు, మరిగితే అసలైన సువాసన నూనె ఆవిరిలో పోతుంది. మరిగించి దించిన ఒక కప్పు నీళ్లలో ఒక చెంచా ఎండుపూలు వేసి, మూతపెట్టి, ఏడెనిమిది నిమిషాలు ఆగి, పలుచటి గుడ్డతో వడకట్టాలి. పాలు పోయకూడదు. రోజుకు ఒక కప్పు చాలు. రోజుల తరబడి నిద్రలేదంటే, గుండెదడో దిగులో తోడుగా ఉందంటే కప్పులు పెంచడం కాదు, డాక్టరు దగ్గరికెళ్లాలి. థైరాయిడ్, రక్తహీనత, గురక జబ్బు... నిద్ర చెడటానికి సవాలక్ష కారణాలు.

సంక్రాంతికి మళ్లీ కొత్తూరు వెళ్లాను. మావాడి గది కిటికీకి పాత నల్ల దుప్పటి వేలాడుతోంది. డ్యూటీలో రెండు గంటలు దాటాక చాయ్ మానేశాడట. ఇంటికొచ్చేటప్పుడు పొద్దుటి ఎండ కళ్లలో పడకుండా నల్లద్దాలు పెట్టుకుంటున్నాడట, ఊళ్లో అంతా హీరో వచ్చాడంటున్నారని వాళ్లమ్మ ముసిముసి నవ్వులు. బాబూనా పొట్లం ఒకటి నేనే పాతబస్తీ నుంచి తెచ్చి ఇచ్చాను. రెండు రోజులు తాగి, గడ్డి వాసనొస్తోందని పక్కన పడేశాడట. పడుకున్నాడు. పైన విమానం పోయినా కదలలేదు.

చామంతులు గడప మీద ఉన్నాయి. పెద్దావిడ రక్తపరీక్ష లెక్క మళ్లీ దారిలో పడింది. మంచం మీంచే నన్ను పిలిచి అడిగింది, "ఏం బిడ్డా, మామూలు చాయ్ అయితే తాగొచ్చా? దాంట్ల గూడ ఏమన్న ఉన్నదా?"

తాగొచ్చు అత్తమ్మా అన్నాను. అయినా ఒకసారి డాక్టర్ని అడగమంది అక్క.